వెల్డా విక్‌వైర్ చదివి వినిపించిన లీజు

హార్న్‌బెక్ కొండ మీద గ్యాస్ కంపెనీ కాగితానికి మొదటి సంతకం వెల్డా విక్‌వైర్‌ది. ఆ సంగతి ఆమె ఎన్నడూ దాచుకోలేదు. ఎవరైనా అడిగితే, "నేనే. రెండువేల ఆరు, అక్టోబరు పదకొండు. పొయ్యి మీద ఆపిల్ గుజ్జు ఉడుకుతోంది" అని పెళ్ళిరోజు చెప్పినంత కచ్చితంగా చెబుతుంది.

కొండ దిగువన పశువుల దాణా కొట్టు నాది. వెల్డాను నలభై ఏళ్ళుగా ఎరుగుదును. నూట పద్ధెనిమిది ఎకరాలు వాళ్ళ నాన్న ఆమె పేర రాసి పోయాడు. భర్త మెర్ల్‌తో కలిసి అందులో ముప్ఫై ఎనిమిది ఆవుల్ని సాకేది. పెన్సిల్వేనియాలో పాల ధరని నమ్ముకుని ఎవరూ నిశ్చింతగా బతకలేరు గనక స్కూలు బస్సు కూడా నడిపేది. తెల్లవారకముందే పాలు పితికి, బూట్లు మార్చుకుని తొమ్మిదో నంబరు బస్సెక్కేది. బస్సులో పిల్లలు మరీ గోల చేస్తే అరిచేది కాదు. బస్సు రోడ్డు పక్కన ఆపి, సీటు కింద సంచిలోంచి ఊలు తీసి తాపీగా స్వెట్టర్ అల్లుతూ కూర్చునేది. గోల అణిగాక సూదులు సంచిలో పెట్టి బయల్దేరేది. ఒకరోజు నా కూతురు ఇంటికి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఏమైందని అడిగితే, "ఇవాళ ఆవిడ స్వెట్టర్ చెయ్యి మొత్తం అల్లేశారు నాన్నా" అంది.

అంత నిదానస్తురాలు ఆ కాగితం మీద ఎలా సంతకం పెట్టిందని అందరికీ ఆశ్చర్యమే. ఆ రోజు మధ్యాహ్నం, బస్సు రెండు ట్రిప్పులకీ మధ్య, ప్రూయిట్ అనే మనిషి ఆమె ఇంటికి వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఓక్లహోమావాడు. కంపెనీ తరఫున భూములు లీజుకు మాట్లాడటం అతని పని. గుమ్మంలోనే బూట్లు విప్పాడు. ఆమె పొయ్యి మీంచి పెద్ద గిన్నె దించబోతుంటే, "ఉండండమ్మా, చెయ్యి కాలుతుంది" అని తనే దించిపెట్టాడు.

"ఇక్కడ అసలు గ్యాస్ ఉందా?" అని అడిగింది వెల్డా.

"నిజం చెప్పమంటారా? ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. గ్యాస్ ఉండే రాయి చాలా లోతులో ఉంది. మావాళ్ళు ఊరికే కాగితం చేతిలో పెట్టుకుంటారంతే. మీకు మాత్రం ఎకరానికి పాతిక డాలర్లు ఉత్తినే వచ్చినట్టు."

"మిగతావాళ్ళ మాటేమిటి?"

"అందరూ ఇస్తున్నారమ్మా. మధ్యలో మీదొక్కటే ఖాళీగా ఉండిపోతుంది."

"హాలిస్ స్ట్రోప్ కూడానా?"

"ఆయన రేపే పెడతానన్నాడు."

హాలిస్ వాళ్ళ పక్క పొలం రైతు. వెల్డాతో ఒకే తరగతిలో చదువుకున్నాడు. పాత మేకు కూడా ఊరికే పారెయ్యడు. అలాంటివాడే ఒప్పుకున్నాడంటే ఇందులో మోసం ఉండదనుకుంది. బస్సు టైమవుతోంది. అయిదు పేజీల్లో రెండు చదివి సంతకం పెట్టింది. ఆ డబ్బుతో పాల ట్యాంకు చల్లబరిచే మోటారు బాగుచేయించుకున్నారు.

అప్పటికి కొండ మీద ఇంకెవరూ సంతకం పెట్టలేదు. ప్రూయిట్ మర్నాడు హాలిస్ ఇంటికి వెళ్ళి వెల్డా సంతకం చూపించాడు. హాలిస్ పెట్టాడు. ఆ రెండూ చూపిస్తే మూడో ఇల్లు ఒప్పుకుంది. నెల తిరిగేసరికి పన్నెండు కుటుంబాల భూములు కంపెనీ చేతిలోకి వెళ్ళాయి.

సంగతి బయటపడింది రెండువేల ఎనిమిది ఏప్రిల్‌లో, నా కొట్లోనే. పాల లారీ డ్రైవరు ఒకాయన కాఫీ తాగుతూ, నది అవతల తన బావమరిదికి గ్యాస్ కంపెనీవాళ్ళు ఎకరానికి రెండువేల నాలుగువందలు ఇచ్చారని చెప్పాడు. దూడల దాణా బస్తా ఎత్తుకోబోతున్న వెల్డా దాన్ని మళ్ళీ కింద పెట్టింది.

"ఎంతన్నావు?"

ఆయన మళ్ళీ చెప్పాడు.

"ఎకరానికా, పొలం మొత్తానికా?"

"ఎకరానికే."

ఆమె డబ్బిచ్చి, బస్తా నా దగ్గరే మరిచిపోయి వెళ్ళిపోయింది. సాయంత్రం నేనే తీసుకెళ్ళాను. వంటింటి బల్ల మీద లీజు కాగితాలు పరుచుకుని చదువుతోంది. మెర్ల్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"మూడుసార్లు చదివింది. నాకింకా తిండి లేదు," అన్నాడు నాతో.

"గుడ్లు వేయించుకోవడానికి చేతుల్లేవా?" అంది ఆమె తల ఎత్తకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "ఆర్లో, అయిదు పేజీల్లో నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. మా ఊట పాడైతే ఎవరు చూస్తారో లేదు. నేను అడగనూ లేదు. గిన్నె దించిపెట్టాడని మురిసిపోయాను."

ఆ ఆదివారం చర్చి బయట హాలిస్ ఆమెను నిలదీశాడు.

"నీ సంతకం చూసే పెట్టాను వెల్డా. నువ్వు పెట్టావంటే ఇంక చూసుకునేదేముంది అనుకున్నా."

"నువ్వు పెడతానన్నావని చెప్పాడు నాతో."

"నేనా! అంతకుముందు వాడి మొహం కూడా చూడలేదు నేను."

జరిగిందేమిటో ఇద్దరికీ అర్థమైంది. కానీ హాలిస్‌కి కోపం తగ్గలేదు. "అయినా సరే. ముందు పెట్టింది నువ్వు," అన్నాడు.

"అవును. ముందు పెట్టింది నేనే," అంది వెల్డా.

ఆ తర్వాత హాలిస్ ఆమెతో మాటలు మానేశాడు. రోడ్డు మీద ఎదురుపడితే ట్రాక్టరు మీంచి చెయ్యి ఊపేవాడు కూడా కాదు. మా దగ్గర అది చిన్న విషయం కాదు.

మే నెలలో లోవెల్ డెప్యూ మాస్టారు ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు పెట్టాడు. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాడు. ఒక్కొక్క రైతూ విడివిడిగా బేరమాడితే కంపెనీ ఒక్కొక్కర్నీ ఒక్కో మాటతో పడగొడుతుందని, కొండంతా ఒక సంఘంగా కలిసి ఒకే బేరం పెడితే కంపెనీయే మన దగ్గరికి వస్తుందని ఆయన వాదన. కుర్చీలు నిండిపోయి జనం గోడల వెంట నిలబడ్డారు. పాత లీజు ఉన్న పన్నెండు కుటుంబాలకీ సంఘంలో చేరే వీల్లేదు. వాళ్ళ భూమి అప్పటికే కట్టుబడిపోయింది. అయినా వెల్డా వచ్చి వెనక వరసలో కూర్చుంది. "ఈవిడెందుకు వచ్చినట్టు? కంపెనీకి కబుర్లు మొయ్యడానికా?" అని ఎవరో ఆమెకు వినబడేలాగే అన్నారు.

మాస్టారు లాయరమ్మ ఒకావిడ దగ్గర్నుంచి లీజు నమూనా ఒకటి తెచ్చి చదవడం మొదలుపెట్టాడు. పది నిమిషాలకి సగం మంది ఆవలింతలు. "మాస్టారూ, బడి గంట ఎప్పుడు కొడతారు?" అని వెనకనుంచి ఒకడు అరిచాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులు తగ్గేదాకా ఆగి వెల్డా లేచింది.

"నమూనా ఎందుకు మాస్టారూ? నా దగ్గర అసలుదే ఉంది."

ముందుకు నడిచి వెళ్ళింది. చేతిసంచిలోంచి కాగితాలు తీసింది. కళ్ళజోడు పెట్టుకుంది.

"ఇది నేను సంతకం పెట్టిన కాగితం. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఒక్కొక్క ముక్కా చదువుతా. నా పొలంలో దానికి అర్థమేమిటో కూడా చెబుతా. తెలియకపోతే మధ్యలో ఆపండి."

చదివింది. "'కంపెనీ తనకు అనువైన చోట దారులు, గొట్టాలు వేసుకొనవచ్చును.' తనకు అనువైన చోట. నాకు కాదు. అంటే మా వంటింటి కిటికీకి ఎదురుగా వేసినా నేను గిన్నెలు కడుక్కుంటూ చూడాల్సిందే."

పేజీ తిప్పింది. "'అయిదేళ్ళు గడిచాక అంతే మొత్తం చెల్లించి మరో అయిదేళ్ళు పొడిగించుకొనవచ్చును.' నన్ను అడుగుతారని ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. మెర్ల్ నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇలాంటి షరతు పెట్టలేదు."

హాలంతా నవ్వింది. మెర్ల్ టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు.

"'అమ్మకమునకు అగు ఖర్చులు పోను మిగిలిన దానిపై రాయల్టీ.' రాయల్టీ అంటే గ్యాస్ అమ్మితే నాకొచ్చే వాటా. పాలమ్మితే లారీ కిరాయి మనమే పెట్టుకుంటాం కదా, ఇదీ అంతేలే అనుకున్నా. కానీ ఇక్కడ లారీ వాళ్ళది, కిరాయి చెప్పేదీ వాళ్ళే. నాకు బిల్లు కూడా చూపించక్కర్లేదు."

అలా గంటసేపు చదివింది. ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. బడి గంట అడిగినవాడే, "ఆ పొడిగింపు ముక్క ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. చివరికి అయిదో పేజీ కూడా పూర్తిచేసి, "నీళ్ళ గురించి కూడా చదువుదామనుకున్నా. ఏమీ రాయలేదు," అని కళ్ళజోడు తీసేసింది. మాస్టారు బల్ల మీద కాగితం పెట్టుకుని ఆమె చెప్పిన ఒక్కో ముక్కకి పక్కనే మనకేం కావాలో రాసుకున్నాడు. పదిహేడు షరతులయ్యాయి. తర్వాత లాయరమ్మ వాటికి కోర్టు భాష తొడిగింది గానీ, సరుకు మాత్రం ఆ రాత్రి హాల్లో పుట్టిందే.

వెల్డా అంతటితో ఊరుకోలేదు. సంఘం బలమంతా భూములు ఒకదానికొకటి ఆనుకుని ఉండటంలో ఉంది. మధ్యలో ఖాళీలుంటే కంపెనీ మొహం చాటేస్తుంది. అందుకని ఉదయం పిల్లల్ని బడి దగ్గర దింపాక, కొండ పటం ఒకటి చేత్తో పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. ఎవరింట్లో ఎప్పుడు ఎవరుంటారో బస్సు నడిపేవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందరికంటే మొండివాడు క్లెమెంట్ యోస్ట్. నీలిరాతి క్వారీ, మూడువందల ఎకరాలు, సరిగ్గా కొండ నడుమ. రెండుసార్లు గేటు దగ్గర్నుంచే పంపించేశాడు. మూడోసారి రాళ్ళ గుట్ట మీద కూర్చోబెట్టి అడిగాడు.

"నువ్వు సంఘంలో లేవుగా? నీకేంటి లాభం? కంపెనీ ఏమైనా ఇస్తోందా?"

"నా దగ్గర కంపెనీకి కావలసినవన్నీ ఎప్పుడో ఇచ్చేశాను క్లెమెంట్. ఇంకా నన్ను కొనాల్సిన పనేముంది వాళ్ళకి?"

"మరెందుకు ఇంత తిరుగుడు?"

"నా సంతకం జేబులో పెట్టుకుని పదకొండు గడపలు తొక్కాడు వాడు. ఒక్క గడపలో కూడా నేను పక్కన లేను, ఇదిగో అసలు సంగతి ఇదీ అని చెప్పడానికి. ఇప్పుడు చెబుతున్నా."

క్లెమెంట్ కాసేపు చేతులకంటిన రాతిపొడి దులుపుకున్నాడు. "ఆ పటం ఇటివ్వు. నా గట్టు నువ్వు తప్పు గీశావు," అన్నాడు. గట్టు సరిచేసి, కింద తన పేరు రాసిచ్చాడు.

ఆగస్టుకల్లా నూట నలభై మూడు కుటుంబాలు, తొమ్మిది వేల ఎకరాలు ఒక్క మాట మీద నిలబడ్డాయి. సెప్టెంబరులో కంపెనీ పెద్దలే హాలుకి వచ్చారు. ఎకరానికి మంచి రేటు చెప్పి, పదిహేడు షరతుల్లో చాలావరకు ఒప్పుకున్నారు. తవ్వేముందు ప్రతి బావినీ, ఊటనీ పరీక్ష చేయించాలి. తర్వాత నీళ్ళు చెడితే కొత్త బావి వేయించాలి. ఖర్చుల మినహాయింపు ఉండకూడదు. మాస్టారు ఆఖర్న ఇంకొకటి అడిగాడు. సంఘంలో లేని ఆ పన్నెండు పాత పొలాలకి కూడా నీళ్ళ షరతు వర్తించాలన్నాడు. అక్కడ కంపెనీ బిగిసిపోయింది. పాత లీజు పాతదే అన్నారు. అప్పటికే గ్యాస్ ధర జారుతోంది. శుక్రవారంలోగా సంతకాలు కాకపోతే ఈ రేటు ఉండదని చెప్పి వెళ్ళారు.

మంగళవారం మళ్ళీ హాలు నిండింది. "వాళ్ళు తొందరపడి పెట్టినదానికి మేమెందుకు పోగొట్టుకోవాలి?" అని ఒక రైతు సూటిగానే అడిగాడు. అందులో తప్పేమీ లేదు. చాలామంది మనసులో ఉన్నది అదే. అందరి చూపులూ వెనక వరస వైపు తిరిగాయి. వెల్డా లేచింది.

"డబ్బు సంగతైతే నువ్వన్నది నిజం. మాకు ఒక్క డాలరు పెంచమని అడిగితే నేనే లేచి వద్దంటాను. నీళ్ళ మాట వేరు. మీ బావిలో పరీక్ష చేసి, నా ఊట వదిలేసి, ఈ రెంటి మధ్యా తవ్వితే రేపు ఎక్కడినుంచి పాడైందని చూపిస్తారు? వాళ్ళు నా పొలం మీద నెట్టేస్తారు."

క్లెమెంట్ యోస్ట్ కూర్చునే అన్నాడు: "ముప్ఫై ఏళ్ళుగా ఈ కొండని కోస్తున్నాను. లోపల నీళ్ళు ఏ పగుల్లోంచి ఎటుపోతాయో నాకే తెలీదు. సర్వేరాయి చూసి మాత్రం ఆగవు."

మాస్టారు ఒక దారి చెప్పాడు. ఎకరానికి వంద డాలర్లు తగ్గించుకుందాం, బదులుగా ఆ పన్నెండు పొలాలకీ నీళ్ళ షరతు ఇమ్మని అడుగుదాం. చేతులెత్తమన్నాడు. లెక్కపెట్టింది నేనే. తొంభై ఆరు చేతులు. వెల్డా అటు చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది. గురువారం సాయంత్రానికి కంపెనీ సరేనని కబురు చేసింది.

శుక్రవారం స్కూలు జిమ్‌లో బల్లలు వేసి సంతకాలు పెట్టించారు. కొండంతా పికప్పుల్లో దిగింది. నారింజరంగు చొక్కా తొడుక్కుని కార్లు ఎక్కడ నిలపాలో చూపించింది వెల్డా. బస్సు నడిపే చెయ్యి గనక ఎవరూ ఎదురు మాట్లాడలేదు. మధ్యాహ్నం పన్నెండు పాత కుటుంబాల్నీ చివరి బల్ల దగ్గరికి పిలిచారు. వాళ్ళకి ఒక్క పేజీ, నీళ్ళ షరతు. వరసలో వెల్డా వెనకే హాలిస్ వచ్చి నిలబడ్డాడు. అయిదు నెలలైంది మాటలు లేక.

"ఈసారి నువ్వు పూర్తిగా చదువు," అన్నాడు ఆమె భుజం మీదుగా. "నువ్వు చదివాకే నేను పెడతా."

"నీకు చదువు రాదా? అయిదో క్లాసులో నా పక్కనేగా కూర్చున్నావు."

"అప్పుడు కూడా నీది చూసే రాశాను."

ఆమె నవ్వింది. బల్ల దగ్గర నిలబడి ఆ పేజీ మొత్తం అతనికి వినబడేలా చదివింది. వెనకున్నవాళ్ళు ఓపికగా ఆగారు. ఆ నెలాఖర్న గ్యాస్ బజారు కుప్పకూలింది. పక్క లోయలో ఇంకా మంచి ధరకోసం ఆగినవాళ్ళకి రెండేళ్ళదాకా ఎవరూ గడప తొక్కలేదు.

రెండువేల పదిలో క్లెమెంట్ పొలంలో నాలుగు గ్యాస్ బావులు తవ్వి, లోపల అడ్డంగా చుట్టుపక్కల పొలాల కిందికి పొడిగించారు. ఏడాదిపాటు లారీలు, దుమ్ము, రాత్రంతా దీపాలు. తర్వాత నిశ్శబ్దమైంది. నెలనెలా రాయల్టీ చెక్కుల కవర్లు రావడం మొదలైంది. సంఘంలోవాళ్ళు కొట్టాలకి కొత్త రేకులు వేశారు, అప్పులు తీర్చుకున్నారు. వెల్డాకీ వస్తుంది, కానీ ఖర్చులన్నీ కోసుకోగా మిగిలింది. పక్క పొలంవాళ్ళ దానితో పోలిస్తే అది చాలా తక్కువ. బాధగా లేదా అని ఒకసారి అడిగాను.

"లేదంటే అబద్ధమవుతుంది," అంది. "కవరు విప్పినప్పుడు ఒక నిమిషం ఉంటుంది. తర్వాత పాలు పితికే వేళవుతుంది."

మరుసటి వేసవిలో హాలిస్ బావినీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. గ్లాసులో పడితే గ్యాస్ బుడగలు. తవ్వకముందు తీసిన పరీక్ష కాగితం ఉంది గనక కంపెనీకి మాట మార్చే సందు దొరకలేదు. మూడోరోజుకి నీళ్ళ ట్యాంకు తెచ్చి పెట్టారు. శీతాకాలంలోపు కొత్త బావి వేశారు. దాని నీళ్ళు బాగున్నాయని తేలిన రోజు హాలిస్ ఒక సీసా నింపుకుని వెల్డా ఇంటికి వెళ్ళాడు. ఇద్దరూ తాగి చూశారట. కొంచెం ఇనుము రుచి ఉందని ఆమె అందట. అంతకుముందు బావికీ ఆ రుచే ఉండేదని అతనన్నాడట.

ఆవుల్ని రెండువేల పద్నాలుగులో అమ్మేశారు. మెర్ల్ ఆ రోజంతా కొట్టం కడిగాడు, మళ్ళీ ఎవరో వస్తారన్నట్టు. రెండేళ్ళకి ఆమె బస్సు కూడా వదిలేసింది. ఇప్పుడు డెబ్భై మూడేళ్ళు. సంఘం ఇంకా ఉంది. ఏడాదికోసారి ఏప్రిల్‌లో కొండ మీద ఊటలూ బావుల నీళ్ళూ సీసాల్లో పట్టి ల్యాబుకి పంపే పని ఆమెదే. జీతం లేదు, పెట్రోలు ఖర్చిస్తారు. మోకాలు సతాయిస్తోందని ఈ ఏడు నన్ను తోడు రమ్మంది. నా పాత ట్రక్కులో సీసాల పెట్టె మా ఇద్దరి మధ్య గలగలలాడుతుంటే పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా పంతొమ్మిది ఇళ్ళు తిరిగాం. దారి పక్కన మంచు ఇంకా అక్కడక్కడా ఉంది. ప్రతి సీసా మీదా ఇంటిపేరూ టైమూ ఆమే రాసింది, నన్ను రాయనివ్వలేదు.

ఇరవయ్యో ఇంటి ముందు బండి ఆపాను. ఆమె సీసా చేతిలో పట్టుకుని కదలకుండా కూర్చుంది.

"ఏం, దిగవా?" అన్నాను.

"వీళ్ళు కొత్త కుక్కని తెచ్చారట. ముందు నువ్వు దిగు," అంది.